గ్యాస్ మీద పోతది

మా సందులో ఫోను నాది, చెవులు హైదర్ భాయ్‌వి. పదేళ్ళు అలాగే నడిచింది. నా ఫోనుకీ ఆయన చెవికీ మధ్య ఒక్క మాట తేడా పడి, ఆ మనిషి చేతిలో పని వదిలేసేదాకా వచ్చిందని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మడానికి నాకే నెల పట్టింది.

అమీర్‌పేట నుంచి పంజగుట్టకి పోయే పెద్ద రోడ్డు వెనక సందులో నాది జిరాక్సు షాపు. పేరు వీర్రాజు, ఊరు రాజోలు పక్కన. ఏ కంప్యూటర్ కోర్సు నడిస్తే ఆ నోట్సు వందల కాపీలు తీసి, బైండు చేసి ఇవ్వడం నా పని. మొదట్లో కోబాల్ తీశాను. తర్వాత జావా వచ్చింది. జావాలోనే మళ్ళీ కొత్త జావా వచ్చింది. ఆ పైన టెస్టింగు. నా చేతుల మీదుగా పోయిన కాయితాలు చదువుకుని ఎంతమంది ఉద్యోగాలు కొట్టారో గానీ నాకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అన్నారు. నన్ను చూసే అని ఉంటారు.

నా షాపుకి సరిగ్గా ఎదురుగా హైదర్ భాయ్ రేకుల షెడ్డు. నేను చెబుతున్న రెండు వేల ఆరులో ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ పంజగుట్ట వెనక బస్తీలోనే. ఖైరతాబాద్‌లో ఆర్టీయే ఆఫీసు దగ్గర ఒక ఉస్తాద్ కింద ఇంజన్ల పని నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్ పోతూ పోతూ ఈయనకి ఇచ్చిన ఆస్తి ఒక మూరెడు పొడుగు పేచ్‌కస్సు. మనం స్క్రూడ్రైవర్ అంటాం. దానితో మర బిగించగా నేను ఎప్పుడూ చూడలేదు. దాని మొన నడుస్తున్న ఇంజన్ మీద పెట్టి, చెక్క పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. వాల్వు కొడుతోందో, బేరింగు అరిగిందో, పిస్టన్ ఊగుతోందో, కళ్ళు తెరిచేసరికి చెప్పేసేవాడు. చెప్పాక విప్పితే అదే ఉండేది. బంజారా హిల్స్ నుంచి ఒక పెద్ద డాక్టరు గారు షోరూములో కంప్యూటర్ పెట్టినా దొరకని జబ్బుతో కారు తెచ్చారొకసారి. హైదర్ భాయ్ విని, నీళ్ళ పంపు అన్నాడు. నీళ్ళ పంపే. ఆ డాక్టరు గారు మెళ్ళో గొట్టం వేసుకునే మనిషి, ఈ పేచ్‌కస్సు వంక ఎంత మర్యాదగా చూశారో నాకింకా గుర్తు.

ఆయనకి సెల్‌ఫోను లేదు. జిడ్డు చేతులతో ఎత్తలేనంటాడు. అందుకని ఆయన గిరాకీలంతా నా షాపుకే ఫోన్ చేసేవాళ్ళు. వాళ్ళు చెప్పింది నేను పాడైన జిరాక్సు కాయితం వెనక రాసి, షెడ్డు దగ్గరకెళ్ళి ఆ కారు వైపరు కింద దూర్చేవాణ్ణి. కారు ఇంకా రాకపోతే షెడ్డు బయటి స్తంభానికి ఉన్న మేకుకి గుచ్చేవాణ్ణి. ఆయన తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివేవాడు. చీటీలో ఏముంటే అదే చేసేవాడు. పని పూర్తయి కారు వెళ్ళేదాకా చీటీ కారుతోనే ఉండేది, ఆ తర్వాత మేకుకి చేరేది.

అంతకు ముందు దసరా నాడు నా షాపులోకి వచ్చి టీ తాగుతూ, నా జిరాక్సు మిషన్ వైపు తల తిప్పాడు. “రాజు భాయ్, నీ మిషన్ ఏడుస్తున్నది. జర బేరింగ్ చూపియ్యి” అన్నాడు. కాపీలు శుభ్రంగా వస్తున్నాయి కదా అన్నాను. మిషన్ విప్పితే ఒక రోజంతా షాపు మూసుకోవాలి. పైగా అది ఎప్పుడూ చప్పుడు చేసేదే, నాకు జోలపాటలా అలవాటైపోయింది. ఆయన ఇంకో రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు.

ఆ రోజుల్లో పెట్రోలు మండిపోతోందని ఊళ్ళో సగం మంది కార్లకి గ్యాస్ కిట్లు పెట్టించుకుంటున్నారు. బంకులో గ్యాస్ పట్టించుకుని నడపడం. చవకే గానీ బండికి ఊపు తగ్గుతుంది. హైదర్ భాయ్ దానికొక మందు కనిపెట్టాడు. ఇంజన్ పైమూతని హెడ్ అంటారు. ఆ హెడ్డుని లేత్ దగ్గర సన్నగా చెక్కిస్తే లోపల మంట మండే చోటు ఇరుకై, గ్యాస్ గట్టిగా నలిగి, పోయిన ఊపు తిరిగొస్తుందట. కంప్రెషన్ పెరగడమంటే అదేనట. పెట్రోలుకైతే అంత నలుపుడు పనికిరాదు, తొందరపడి ముందే పేలి ‘కిన్ కిన్’ అంటుంది. బంకు గ్యాస్ మాత్రం ఎంత నలిపినా ఓర్చుకుంటుంది. దీనికి ఆయన ‘గ్యాస్ కటింగ్’ అని పేరు పెట్టాడు. చీటీలో ‘గ్యాస్ బండి’ అని ఉంటే చాలు, ఇంకేమీ అడగకుండా హెడ్ విప్పి లేత్‌కి పంపేసేవాడు.

ఇక వంశీధర్ గారు. అందరూ వంశీ సార్ అంటారు. భీమవరం వైపు మనిషి, ముప్పై నిండలేదు, మా వీధి చివర ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవాడు. పొద్దున్న ఆరున్నర బ్యాచ్‌కి మెట్ల మీద కూడా కూర్చుని వినేవాళ్ళు. క్లాసులో ఎంత నెమ్మదస్తుడో కారెక్కితే అంత దూకుడు. పాత తెల్ల ఎస్టీమ్ ఒకటి కొని, దానికి చక్రాలు మార్చి, సైలెన్సరు మార్చి, కారు పిచ్చోళ్ళ సంఘం ఒకదాంట్లో చేరాడు. ఆదివారం ఉదయాన ఊరి బయట ఒక ప్రైవేటు మైదానంలో పావు మైలు ఎవరు ముందు ఉరుకుతారో గడియారం పెట్టి చూసుకుంటారట. ఆయన కారు ఎప్పుడూ చివర నుంచి రెండోది.

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. నా మిషన్ మీద మూడు వందల పేజీల నోట్సు నడుస్తోంది. కారుకి ఏదో పెట్టిస్తున్నాననీ, దానికి తగ్గట్టు ఇంజన్ గట్టిగా చేయమని హైదర్ భాయ్‌తో చెప్పమనీ అన్నాడు. ఆ ‘ఏదో’ దగ్గర నాకు ‘నైటు’ అని మాత్రం వినపడింది. ఏంటండీ అన్నాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ‘నైటు’. మూడోసారి అడగడానికి మొహమాటం వేసింది. మా గోదావరి వాళ్ళకి మొహమాటం ఒక జబ్బు. చదువు చెప్పే మనిషి, రెండుసార్లు చెప్పాడు, మూడోసారి ఏం అడుగుతాం? నా తడబాటు ఆయనకే తెలిసినట్టుంది.

“గ్యాస్ అండీ రాజు గారూ. గ్యాస్ అని చెప్పండి, చాలు” అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. గ్యాస్ అంటే నాకు తెలుసు, సందులో కుక్కలకి కూడా తెలుసు. ‘వంశీ సార్, తెల్ల ఎస్టీమ్. గ్యాస్ పెట్టిస్తున్నారు. కిట్ వేరే చోట. దానికి తగ్గట్టు ఇంజన్ చెయ్యాలి’ అని రాసి, కారు వచ్చాక వైపరు కింద పెట్టాను. హైదర్ భాయ్ చదువుకున్నాడు. హెడ్ విప్పాడు. లేత్‌కి పంపాడు. వంశీ సార్ అంటే అభిమానం కాబట్టి మామూలు కన్నా ఇంకో వెంట్రుకవాసి ఎక్కువే చెక్కించాడట.

కారు తీసుకోవడానికి వంశీ సార్ వచ్చిన రోజు టీ గ్లాసుతో నేనూ అక్కడే నిలబడ్డాను. ఆ రోజు జరిగిన మాటలు నేను తర్వాత వందసార్లు తిరగేసుకున్నాను. హైదర్ భాయ్ ఇంజన్ స్టార్ట్ చేయించి, యాక్సిలరేటర్ నొక్కమని, పేచ్‌కస్సు కుడిచెవికి పెట్టుకుని విన్నాడు. గ్యాస్‌కి తగ్గట్టు హెడ్ చెక్కించానని, పికప్ మస్తుంటుందని చెప్పాడు. వంశీ సార్ మురిసిపోయాడు.

“పెట్రోల్ మీద జర కిన్‌కిన్ అంటున్నది సార్” అన్నాడు హైదర్ భాయ్. “ఫికర్ చెయ్యకు. గ్యాస్ మీద పోతది.”

“గ్యాస్ కొడితే పోతుందా?”

“పక్కా పోతది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. చేతులు కలుపుకున్నారు. నేను టీ తాగాను.

బోనాల ఆదివారం మధ్యాహ్నం ఆ కారు వెనక్కి వచ్చింది. దాన్ని ఇంకో కారుకి తాడు కట్టి లాక్కొచ్చారు. బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు జనం పోటెత్తి రోడ్లన్నీ మూసేస్తే, ఊరంతా చుట్టి మా సందు చేరేసరికి మూడు దాటింది. వంశీ సార్ దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మైదానంలో నూరు గజాలు పోగానే గ్యాస్ మీట నొక్కాడట. బండి ఒక్క ఎగురు ఎగిరి, ముందు నుంచి టపటపా సుత్తి దెబ్బల్లాంటి చప్పుడొచ్చి, తెల్లటి పొగ కమ్మేసి ఆగిపోయిందట. బానెట్ కింద చిన్న మంట కూడా లేచిందట, పక్కవాళ్ళు ఇసుక చల్లారట.

భయపడ్డ మనిషికి కోపం కూడా తొందరగా వస్తుంది. అప్పటికే సందులో పదిమంది పోగయ్యారు.

“మీరే విన్నారు కదా భాయ్. గ్యాస్ కొడితే పోతుందన్నారు. పోలేదు, ఇంజనే పోయింది. మీకసలు వినపడుతోందా?” అన్నాడు.

హైదర్ భాయ్ కుడిచేత్తో కుడిచెవి తుడుచుకున్నాడు, జిడ్డు అంటుకున్నట్టు.

మర్నాడు ఇంజన్ విప్పాడు. నన్ను కేకేసి చూపించాడు. రెండో పిస్టన్ నడినెత్తిన నా చిటికెనవేలు దూరేంత చిల్లు, అంచులు కరిగి కారిపోయి ఉన్నాయి. నలభై ఏళ్ళలో గ్యాస్ బండ్లలో వాల్వులు మాడడం చూశాడు గానీ ఇలా పిస్టన్ కరగడం ఎప్పుడూ చూడలేదన్నాడు. పిస్టన్ ఎత్తి ఆ చిల్లులోంచి వెలుతురు వైపు చూశాడు.

“రాజు భాయ్, నాకు సమజ్ అయితలేదు” అన్నాడు. “నువ్వు సుత ఉన్నవ్ గదా. కిన్‌కిన్ నాకు ఇనొచ్చింది. గ్యాస్ మీద పోవాలె. ఎందుకు పోలే? గది కిన్‌కిన్ గాదా? ఇంకేందో ఇనొస్తే నేను కిన్‌కిన్ అనుకున్ననా?”

నాకేం తెలుసు? ఆ రోజు నాకు ఏ కిన్‌కిన్నూ వినపడలేదు. అయినా వినపడిందనే చెప్పాను. ధైర్యం చెప్పడానికి ఆడిన అబద్ధం ఎప్పుడూ తేలిపోతుంది. ఆయన నా మొహం చూసి తల వంచుకున్నాడు.

సందుకి నాలుక ఒకటే గానీ పొడుగెక్కువ. వారం తిరిగేసరికి హైదర్‌కి చెవులు పోయాయట అనే మాట పంజగుట్ట చౌరస్తా దాకా పాకింది. ఎవరో చెబితే పంజగుట్టలోనే ఒక చెవుల డాక్టరు దగ్గరకి వెళ్ళొచ్చాడు. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు పెట్టి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారట. ఇచ్చిన కాయితం నా దగ్గరకి తెచ్చాడు, ఇంట్లో చూపించాలి, ఒక కాపీ తీయమని. తీశాను. ఒక గీత ఎడమచెవిది, అది కాస్త నయం. కుడిచెవిది మాత్రం మెట్లు దిగినట్టు దిగిపోయి ఉంది. సన్నటి చప్పుళ్ళు అంతగా వినపడవని, ఈ వయసుకీ ఈ పనికీ అది మామూలేనని, మాటలకి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాడట. హైదర్ భాయ్‌కి అందులో ఒక్క ముక్కే తలకెక్కింది. కాయితం మీద రాసి ఇచ్చారు కాబట్టి చెవులు పోయినట్టే.

ఆ రోజు నుంచి పేచ్‌కస్సు ముట్టలేదు. చీటీలు గుచ్చే మేకుకే దాన్ని తగిలించేశాడు. ఎవరైనా కారు తెస్తే షోరూముకి పొమ్మని, అక్కడ కంప్యూటర్ పెట్టి చూస్తారని చెప్పి పంపేసేవాడు. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు తుడవడం, అంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ విప్పిన ఎస్టీమ్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉండేవాడు. నాకూ పిచ్చెక్కినట్టుండేది. చెవి మంచిదైతే పిస్టన్ ఎందుకు కరిగింది? చెవి చెడ్డదైతే పదేళ్ళుగా ఆయన చెప్పినవన్నీ ఎలా నిజమయ్యాయి? ఇటు చూస్తే అటు తప్పు, అటు చూస్తే ఇటు తప్పు. జిరాక్సు తీస్తూ రెండుసార్లు కాయితం తిరగేసి పెట్టి తెల్ల కాపీలు తీశాను.

ఒక మంగళవారం ఆయన భార్య దిల్షాద్ రేషన్ కార్డు కాపీకి వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి పని చూసుకుని పోయే మనిషి, ఆ రోజు లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. షెడ్డు ఖాళీ చేస్తామని ఆయన ఆ స్థలం ఓనరుకి చెప్పేశాడంది. అక్కడ ఆడపిల్లల హాస్టలు కడతారట. శుక్రవారం నమాజ్ అయ్యాక తాళంచెవి ఇచ్చేయాలి.

“ఇంట్లో సుత పలుకుతలేడు అన్నా” అంది. “నేను పిలుస్తే ఇని సుత ఇననట్టు కూసుంటుండు. చెవులు పోయినయని ఆయనే ఫైసలా చేసుకున్నడు. నువ్వన్న జర చెప్పు.”

కాపీ తీసి చేతికిచ్చాను.

బుధవారం వంశీ సార్ వచ్చాడు. కిట్ అమ్మిన బొంబాయి వాడికి ఫిర్యాదు రాస్తున్నాడట. ఇంటర్నెట్‌లోంచి తీసిన నాలుగు కాయితాలు కాపీలు కావాలన్నాడు. మొదటి కాయితం మీద నీలం రంగు సీసా బొమ్మ ఉంది, చిన్నపాటి ఆక్సిజన్ సిలిండర్‌లా. ఇదేంటని అడిగాను. అప్పుడే మిషన్‌లో కాయితాలు అయిపోయి అది ఆగింది. షాపు నిశ్శబ్దంగా ఉంది.

“నైట్రస్ ఆక్సైడ్ అండీ. నేను పెట్టించిన గ్యాస్ ఇదే కదా” అన్నాడు.

నైటు. నా చేతిలో కాయితాల కట్ట కింద పడింది. బంకులో పట్టే గ్యాస్ కాదా అన్నాను. ఆయన నవ్వి, పాఠం చెప్పే గొంతులో చెప్పాడు. ఇది పంటి డాక్టర్లు మత్తుకి వాడే గ్యాసేనట. ఇది మండదు, పక్కనున్న పెట్రోలుని రెచ్చగొట్టి మండిస్తుంది. మా పెద్ద మేనత్త అంతే, తాను చల్లగా కూర్చుని ఇల్లంతా అంటించేది. మామూలు ఇంజన్‌లో కొద్దిగా కొడితే ఊపు వస్తుంది. కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్‌లో కొడితే, అసలే నలిగి తొందరపడుతున్న పెట్రోలు నిప్పురవ్వ పడక ముందే పేలుతుంది, ఆ దెబ్బలకి పిస్టన్లు కరిగిపోతాయి. ఆ కాయితాల్లో అదే రాసి ఉందట, హెచ్చరికగా. కారు కంపెనీ వాడు ఇచ్చిన కంప్రెషన్‌కి ఇది సరిపోవాలి, మరి ఎందుకు పోయిందో అర్థం కావడం లేదన్నాడు.

హైదర్ భాయ్ హెడ్ చెక్కించానన్నాడు కదా అన్నాను. చెక్కించడమంటే నున్నగా చేయించడం అనుకున్నాడట. పెద్ద చదువుల వాడు. అడగలేదు, తెలిసినట్టు తలూపాడు.

ఆయనతో నేనింకేమీ చెప్పలేదు. కాపీలిచ్చి పంపేశాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. పెట్రోలు మీద కిన్‌కిన్ అంటోందని హైదర్ భాయ్ విన్నది నిజం. బంకు గ్యాస్ మీద పోతుందన్నదీ నిజం. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే మాట అన్నారు, ఇద్దరి మాటలో గ్యాస్ వేరు. ఆ మాటని ఇద్దరి మధ్యా పెట్టింది నేను. చెవికేమీ కాలేదు. పోయిందల్లా నా చీటీ.

వెంటనే రోడ్డు దాటి చెప్పాలి కదా. చెప్పలేదు. గురువారం అంతా సిగ్గుపడుతూ గడిపాను. ఇకమీదట నా ఫోను ఎవరు నమ్ముతారనుకున్నాను. తప్పు తలా కొంచెం అని సర్దుకోబోయాను. మూడోసారి ఎందుకు అడగలేదురా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత చిన్న పిరికితనం నాలో ఉందని నాకు నలభై ఆరేళ్ళొచ్చాక తెలిసింది.

శుక్రవారం రెండు గంటలప్పుడు హైదర్ భాయ్ మసీదు నుంచి వచ్చాడు. తెల్ల కుర్తా, టోపీ, చేతిలో షెడ్డు తాళంచెవి. షెడ్డు వంక ఒకసారి చూసుకుని పోదామని వచ్చినట్టున్నాడు. మన తెలుగులో తాళానికి కూడా చెవే. ఆయన దాన్ని కూడా ఇచ్చేయబోతున్నాడు. అది తట్టేసరికి నా కాళ్ళు వాటంతటవే రోడ్డు దాటాయి.

మేకుకి పేచ్‌కస్సు వెనక నా చీటీ ఇంకా ఉంది. తీసి ఆయన చేతిలో పెట్టి, నిలబడే మొత్తం చెప్పాను. రెండు గ్యాసుల సంగతి, పిస్టన్ ఎందుకు కరిగిందో, ఫోనులో వంశీ సార్ రెండుసార్లు చెప్పిన మాట, నేను మూడోసారి అడగకపోవడం. ఏమీ దాచలేదు. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆయన చీటీ మీద గ్యాస్ అన్న మాటని వేలితో చదివాడు. తిప్పి వెనకున్న జావా నోట్సు చూశాడు. మళ్ళీ తిప్పాడు. తిడతాడని చూస్తున్నాను. తిడితే బావుండుననిపించింది.

“ఏ గ్యాస్ అని నేను సుత అడగలే” అన్నాడు చివరికి. తర్వాత నా వైపు చూశాడు. “సార్ రెండుసార్లు చెప్పిండు గదా. నీకెందుకు ఇనరాలే?”

మిషన్ నడుస్తోంది భాయ్, ఆ చప్పుడులో వినపడలేదు అన్నాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. నెల రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కదలిక చూశాను. మేకు దగ్గరకెళ్ళి పేచ్‌కస్సు తీసి, కుర్తా అంచుకే తుడిచాడు. రోడ్డు దాటి నా షాపులోకి వచ్చి మిషన్ ఆన్ చేయమన్నాడు. చేశాను. మొన మిషన్ పక్కకి ఆనించి పిడి కుడిచెవికి పెట్టుకున్నాడు. మొహం చిట్లించి తీసేశాడు. అప్పుడు ఎడమచెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు విన్నాడో నాకు తెలీదు.

“వెనక రోలర్, లోపటి దిక్కు బేరింగ్” అన్నాడు కళ్ళు తెరిచి. “దసరా సంది చెప్తున్న గదా, ఏడుస్తున్నదని.”

నాకెప్పుడూ వినపడలేదు భాయ్ అన్నాను. అది నిజం.

ఆయన పేచ్‌కస్సు నా చేతికిచ్చాడు. ఎలా పెట్టుకోవాలో చూపించాడు. పిడి చెవికి ఆనించాను. మొదట మామూలు గరగరే. తర్వాత దాని కింద నుంచి సన్నగా, ఆగకుండా, పళ్ళు నూరుతున్నట్టు ఒక మూలుగు. ఏడాది పొడుగునా నా మోచేతి పక్కనే ఉన్న ఏడుపు నేను వినడం అదే మొదలు.

మిషన్ ఆపేశాను. ఆ మర్నాడు మెకానిక్ వచ్చి విప్పితే వెనక రోలరు లోపలి బేరింగు పొడిపొడిగా రాలింది, అది వేరే సంగతి. ఆ శుక్రవారం మాత్రం హైదర్ భాయ్ నా చేతిలోంచి పేచ్‌కస్సు తీసుకుని, రోడ్డు దాటి, తాళం తీసి, తాళంచెవి కుర్తా జేబులో వేసుకుని తన షెడ్డు రేకు తలుపు పైకి ఎత్తాడు.